ముందు దిగే దారి వ్రాయండి

ఒక మాట కోసం వెతుకుతూ ఉండగా మాకు ఒక ప్రయాణం దొరికింది.

2023 జనవరిలో నేనొక ఆంగ్ల యాత్రాగ్రంథాన్ని తెనిగిస్తున్నాను. సముద్రమట్టానికి ఎంతో ఎత్తున ఉండే ఎడారుల గురించి అందులో ఒక అధ్యాయం ఉన్నది. మొదట 'ఉన్నత మరుభూమి' అని వ్రాశాను. చదివి చూసుకుంటే పురాణంలోని స్థలంలా ధ్వనించింది. కొట్టివేసి 'ఎత్తయిన ఎడారి' అన్నాను. ఎడారి ఎత్తుగా ఎట్లా ఉంటుందని పాఠకుడు అక్కడ ఆగిపోతాడేమో ననిపించింది. భూగోళ పాఠ్యపుస్తకాలలో 'శీతల ఎడారి' అనే మాట ఉన్నది. అందులో చలి ఉన్నదే తప్ప ఎత్తు లేదు. విశాఖపట్నంలో, సముద్రపు గాలికి కిటికీ ఊచలు తుప్పుపట్టే ఇంట్లో కూర్చుని, తేమ అన్నదే ఎరుగని చోటును ఒక్క మాటలో పట్టుకోవాలని నా అవస్థ.

పక్కన పడక కుర్చీలో పత్రిక చదువుకుంటున్న నాన్నగారిని అడిగాను: "ఎడారి అంటే మీకు ముందేం గుర్తుకొస్తుంది?" ఇసుక అంటారనుకున్నాను.

"పెదవులు పగలడం," అన్నారాయన. "పొద్దున లేవగానే గడ్డకట్టిన బూట్లలో కాళ్ళు పెట్టడానికి మనసొప్పకపోవడం. ఎడారి అంటే ఇసుక కాదమ్మాయీ, నీళ్ళు లేకపోవడం."

నాన్నగారు సైన్యంలో లారీ నడిపేవారు. 1974 నుంచి 1976 వరకు లదాఖ్‌లో ఉన్నారు. ఆ రెండేళ్ళ గురించి మాకు తెలిసినది ఒక నలుపు తెలుపు ఛాయాచిత్రం మాత్రమే. అందులో ఆయన బొత్తిగా పచ్చదనం లేని కొండ ముందు, తనకన్నా రెండు సైజులు పెద్ద కోటు తొడుక్కుని నిలబడి ఉంటారు. వెళ్ళివచ్చినవాళ్ళు ఊరికే చెప్పుకొనే కథలు ఆయన ఏనాడూ చెప్పలేదు. ఆ రోజు మాత్రం పత్రిక మడిచి పక్కన పెట్టి, "అక్కడ మళ్ళీ ఒక్క రాత్రి గుడారంలో పడుకోవాలని ఉంది," అన్నారు. "అప్పుడు పడుకున్నది ఆజ్ఞ మీద. ఈసారి నా ఇష్టం మీద."

ఆయనకప్పుడు డెబ్బైమూడో ఏడు. అంతకు రెండేళ్ళ ముందు గుండెపోటు వచ్చింది. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా మా అబ్బాయి ఆ సాయంత్రమే రెండు వందల పేజీల నోటుపుస్తకం ఒకటి కొనుక్కొచ్చాడు. వాడు డిగ్రీ చదువుతున్నాడు. దాని అట్టమీద నాన్నగారు తన గుండ్రని చేతివ్రాతతో 'లదాఖ్ ప్రయాణం' అని వ్రాశారు.

* * *

మైదానంలో ప్రయాణానికి సన్నాహమంటే సామాను సర్దుకోవడం. అక్కడికి వెళ్ళేవాడు ముందు గాలి లెక్క తెలుసుకోవాలని మొదటి పేజీలోనే అర్థమైంది.

లేహ్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. గాలిలో ప్రాణవాయువు పాలు అక్కడా ఇక్కడా ఒకటే, నూటికి ఇరవైయొక్క వంతులు. కాని పైకి పోయే కొద్దీ గాలి పీడనం తగ్గుతుంది. లేహ్‌లో మనిషి తీసుకొనే ఒక్కొక్క శ్వాసలో అందే ప్రాణవాయువు సముద్రతీరంలో అందే దానిలో సుమారు మూడింట రెండు వంతులే. 4,300 మీటర్ల దగ్గర అది పదింట ఆరు వంతులకు దిగుతుంది. శరీరం దీనికి సర్దుకోగలదు, కాని దానికి రోజులు కావాలి. రెండు వేల ఏళ్ళ క్రితపు చైనా చరిత్ర గ్రంథం ఒకటి పడమటి దారిలోని కొండలను 'పెద్ద తలనొప్పి కొండ', 'చిన్న తలనొప్పి కొండ' అని పేర్కొన్నదట. ఆ పేర్లు పెట్టినవాడికి పీడనం లెక్క తెలియకపోవచ్చు, తల మాత్రం నొప్పి పెట్టి ఉంటుంది. అనువాదకురాలిగా ఆ పేర్లు చూసి ముచ్చటపడ్డాను. అంత నిజాయితీగల పేర్లు అరుదు.

ఎత్తుకు పోయినవాళ్ళ జబ్బును శాస్త్రీయంగా వివరించిన తొలి పెద్ద అధ్యయనాలలో ఒకటి మన సైనిక వైద్యులదే. 1962 యుద్ధ సమయంలోనూ ఆ తరువాతా మైదానాల నుంచి హఠాత్తుగా హిమాలయాలకు తరలించిన జవానులలో జబ్బుపడిన 1,925 మందిని పరిశీలించి, 1969లో వారు ఒక వ్యాసం ప్రకటించారు. తలనొప్పి, వాంతులు, నిద్రపట్టకపోవడం, ఆయాసం మొదటి మెట్టు. అక్కడ ఆగక ఇంకా పైకి పోతే ఊపిరితిత్తులలో నీరు చేరవచ్చు, మెదడు వాయవచ్చు. ఆ రెండూ ప్రాణాంతకాలు. వయసులో ఉన్నవాడినీ, వ్యాయామం చేసేవాడినీ కూడా ఆ జబ్బు విడిచిపెట్టదు. నిజానికి బలవంతుడికే ప్రమాదం ఎక్కువ అంటారు నాన్నగారు, తొందరపడేవాడు వాడే గనక.

అందువల్ల వైద్యులు చెప్పే నియమం ఇది: మూడు వేల మీటర్లు దాటిన తరువాత రాత్రి పడక ఎత్తును రోజుకు అయిదు వందల మీటర్లకు మించి పెంచకూడదు. మూడు నాలుగు రోజుల కొకసారి ఒక రోజు ఉన్నచోటే ఉండాలి. పగలు ఎంత ఎత్తైన కనుమ దాటినా ఫరవాలేదు, పడుకొనే చోటే లెక్క.

ఈ నియమం ముందు పెట్టుకుని దారి వెతికాము. ఢిల్లీ నుంచి విమానంలో గంటంబావులో లేహ్‌లో దిగవచ్చు. కాని అది సముద్రమట్టం నుంచి ఒక్క గెంతు. మనాలి దారి అందమైనదంటారు. 2020లో అటల్ సొరంగం తెరిచాక ఆ దారి సులువైంది కూడా. అయితే ఆ దారిన పోయేవాళ్ళు తరచుగా రాత్రి మకాం చేసే సర్చూ 4,290 మీటర్ల ఎత్తున ఉన్నది. రెండు వేల మీటర్ల మనాలిలో లేచినవాడు ఆ రాత్రికే అక్కడ పడుకోవడం నియమానికి పూర్తి విరుద్ధం. మిగిలినది శ్రీనగర్ దారి. శ్రీనగర్ 1,600, కార్గిల్ 2,700, సింధునది ఒడ్డున ఆల్చీ గ్రామం 3,100, ఆ తరువాత లేహ్ 3,500. మధ్యలో 4,100 మీటర్ల ఫోటూ లా కనుమ ఉన్నా, రాత్రి మకాం మళ్ళీ దిగువనే.

"ఇది నేను లారీ నడిపిన దారే," అన్నారు నాన్నగారు. ఆ పుట మీద పటం గీస్తున్నప్పుడు ఆయన చెయ్యి వణకలేదు.

* * *

ఫిబ్రవరిలో ఆయనను గుండె వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళాను. ఆ డాక్టరుగారు ఒడిశా నుంచి వచ్చినవారు. తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడరు. పరీక్షల కాగితాలన్నీ చూసి, నా వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పారు. తెలుగులో పెడితే అది రెండు ముక్కలు: 'ఈ గుండెతో ఆ ఎత్తుకు వెళ్ళకూడదు. ఎప్పటికీ.'

నాన్నగారు నా ముఖం చూస్తున్నారు. ఇరవై ఏళ్ళుగా ఇతరుల వాక్యాలను తెలుగులోకి దించడం నా వృత్తి. మూలానికి ద్రోహం చేయకూడదని యువ అనువాదకులకు పాఠాలు చెప్పినదాన్ని. ఆ క్షణంలో నా నోట వచ్చినది ఇది: "ఈ ఏడు వద్దంటున్నారు నాన్నగారూ. కొన్నాళ్ళు మందులు వాడి, నడక పెంచి, మళ్ళీ చూపించుకుంటే వచ్చే ఏటి సంగతి ఆలోచిద్దామంటున్నారు."

డాక్టరుగారు ఒక్కసారి నా వైపు చూసి, మందుల చీటీ మీదికి తల వంచుకున్నారు. నాన్నగారు తల ఊపారు. ఆటోలో ఇంటికి వస్తూ, "అయితే ఈ ఏడు నువ్వూ మనవడూ వెళ్ళి దారి చూసి రండి," అన్నారు.

ఆ అబద్ధం నన్ను ఆరు నెలలు పట్టి పీడించింది. ఎందుకంటే ఆయన ఆ ప్రయాణాన్ని మానలేదు. రోజూ ఉదయం నడకకు అదనంగా ఒక వీధి చేర్చుకున్నారు. పుస్తకంలో రోజుకొక పుట నిండింది.

ఆ పుటలలో చాలా భాగం ఆయన అనుభవం. గుడారం గురించి: లదాఖ్ నేలలో మేకులు దిగవు, రాళ్ళే. గుడారపు తాళ్ళను పెద్ద రాళ్ళకు చుట్టి వాటిమీద మరికొన్ని రాళ్ళు పేర్చాలి. గాలి మధ్యాహ్నం నుంచి లేస్తుంది గనక గుడారం ఉదయమే వేయాలి, ద్వారం గాలికి వీపుపెట్టి ఉండాలి. పడక గురించి: పైన కప్పుకొనే దానికన్నా కింద పరచుకొనేది ముఖ్యం, చలి నేలలో నుంచి వస్తుంది. తడి బట్టతో పడుకోకూడదు. తాగే నీటి సీసాను పక్కలో పెట్టుకోవాలి, బయట వదిలితే తెల్లారేసరికి గడ్డకట్టవచ్చు. ఆ పొడిగాలిలో చెమట పట్టినట్టే తెలియదు, దాహమూ తెలియదు. కాబట్టి దాహం వేయకముందే తాగాలి.

వంట పుట ఆయనా అమ్మా కలిసి వ్రాశారు. 4,300 మీటర్ల ఎత్తున నీళ్ళు సుమారు 86 డిగ్రీలకే మరుగుతాయి. మరిగే నీళ్ళలో పప్పు ఎంతసేపు పెట్టినా ఉడకదు. కాబట్టి చిన్న ప్రెషర్ కుక్కరు తప్పనిసరి. విమానంలో గ్యాసు డబ్బాలు రానివ్వరు, లేహ్‌లో కొనుక్కోవాలి. అవి కూడా చలికి మొరాయిస్తాయి. డబ్బాలో ఉండే బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానుకుంటుంది. రాత్రి దానిని కూడా పక్కలోనే పెట్టుకోవాలి. "పిల్లాడు, నీళ్ళసీసా, గ్యాసు డబ్బా. ఇక నువ్వెక్కడ పడుకుంటావే?" అన్నది అమ్మ. ఆవకాయ జాడీని నిండుగా నింపవద్దని నాన్నగారు ఆమెను హెచ్చరించారు. ఎత్తుకు పోయే కొద్దీ లోపలి గాలి ఉబ్బి నూనె మూతలోంచి బయటికి తోసుకువస్తుంది. 1975లో ఆయన పెట్టె నిండా అదే జరిగిందట.

కట్టెపుల్లలు ఏరి మంట వేయకూడదని మరొక పుట. అక్కడ నేల పట్టుకుని పెరిగే చిన్న పొదలు పశువులకు మేత, అక్కడివాళ్ళకు పొయ్యిలోకి. లేహ్‌లో ఏడాదంతా కురిసేది పది సెంటీమీటర్ల వాన. మా విశాఖలో ఒక్క వాయుగుండానికి అంతకన్నా ఎక్కువ కురవవచ్చు. ఆ వానకు ఎదిగిన పొదను ఒక్క రాత్రి చలి కాచుకోవడానికి కాల్చివేస్తే మళ్ళీ అది ఎన్నేళ్ళకు లేస్తుంది? చెత్త అంతా సంచీలో వెనక్కు తేవాలి. చక్రాల గుర్తులు కూడా అక్కడ ఏళ్ళ తరబడి చెరగవు గనక బండి దారి విడిచి దిగకూడదు.

నేను చదివి చేర్చిన పుట ఒకటి ఉన్నది: ఎండిపోయిన వాగు మడుగులో గుడారం వేయకూడదు. చదునుగా, మెత్తగా, గాలికి మరుగుగా ఉండి అదే అన్నిటికన్నా మంచి చోటుగా కనబడుతుంది. కాని 2010 ఆగస్టు 5వ తేదీ అర్ధరాత్రి లేహ్ మీద మేఘం విరుచుకుపడినప్పుడు, ఆ ఎండు వాగులే బురదనూ బండరాళ్ళనూ మోసుకువచ్చాయి. రెండు వందల మందికి పైగా చనిపోయారు. వాన లేని దేశంలో వానకు భయపడాలని నేర్పిన రాత్రి అది.

గమ్యంగా హాన్లే గ్రామాన్ని ఎంచుకున్నాము. లేహ్‌కు ఆగ్నేయంగా సుమారు 250 కిలోమీటర్లు. బెంగుళూరులోని భారతీయ ఖగోళ భౌతిక సంస్థ వారి వేధశాల అక్కడి సరస్వతీ పర్వతం మీద, 4,500 మీటర్ల ఎత్తున ఉన్నది. రెండు మీటర్ల దర్పణం గల అక్కడి దూరదర్శినిని బెంగుళూరు దగ్గర హొసకోటె నుంచే నడుపుతారు. చుట్టుపక్కల ప్రాంతాన్ని 2022లో చీకటి ఆకాశపు రక్షితప్రాంతంగా ప్రకటించారు. సరిహద్దు ప్రాంతం గనక అనుమతులు కావాలి. గుడారం కూడా గ్రామస్థులు చూపిన చోటే వేయాలి. మంచి చీకటి కోసం అమావాస్య చూసుకున్నాము. అది సెప్టెంబరు 14, పోలాల అమావాస్య. "పిల్లల కోసం పూజ చేసుకొనే నాడు పిల్లాణ్ణి తీసుకుని కొండల్లోకి పోతుందట," అని అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో నాడు, తోరం ముందే కట్టి పంపిస్తానన్నది.

* * *

ఆగస్టు మొదటి వారానికి పుస్తకంలో రెండే పుటలు మిగిలాయి. ఒకదానిలో ఖర్చుల మొత్తం వేశాము. రెండోదానిమీద నాన్నగారు శీర్షిక వ్రాసి నా ముందు పెట్టారు: 'ఎప్పుడు దిగిరావాలి?'

"ఇది మొదట వ్రాయవలసిన పుట," అన్నారు. "ఎక్కడం గురించి నూట తొంభై పుటలు వ్రాశాం. మనవడిని కూడా పిలువు."

అప్పుడు చెప్పారు, నలభై ఎనిమిదేళ్ళ తరువాత మొదటిసారి.

1975 చలికాలం ముందు, చాంగ్‌థాంగ్ వైపు ఒక శిబిరంలో ఆయనతో పాటు ఇంకొక డ్రైవరు ఉండేవాడు. కర్ణాటక నుంచి వచ్చిన కుర్రవాడు. ఇద్దరూ దక్షిణాదివాళ్ళు గనక ఒకే గుడారం. సెలవు నుంచి తిరిగివచ్చిన రెండో రోజునే అతన్ని పైకి పంపారు. తల పగిలిపోతున్నదని నాన్నగారితో అన్నాడు గాని ఎవరితోనూ చెప్పవద్దన్నాడు. చెబితే పని తప్పించుకోవడానికి జబ్బు నటిస్తున్నాడంటారని భయం. మరునాడు దగ్గు మొదలైంది. చలి దగ్గు అన్నాడు. మూడో రాత్రి కూర్చుంటే తప్ప ఊపిరి ఆడలేదు. "వాడి ఛాతీలో కుండలో నీళ్ళు మరుగుతున్న చప్పుడు," అన్నారు నాన్నగారు. అప్పుడు అందరినీ లేపారు. దారిమీద మంచు పడి ఉన్నది. తెల్లవారితే గాని బండి కదలదన్నారు. అతను తెల్లవారేదాకా ఉండలేదు.

"వాణ్ణి కొండ చంపలేదు," అన్నారు. "మొదటి రోజు చెప్పి ఉంటే వెయ్యి మీటర్లు కిందికి దించేవాళ్ళు, బ్రతికేవాడు. వాడు దాచాడు. నేనూ దాచాను. చెప్పవద్దన్నాడు కదా అని మాట నిలబెట్టుకున్నాను. ఆ మాట నిలబెట్టుకున్నందుకు నేనింతవరకు ఎవరికీ ఏమీ చెప్పుకోలేకపోయాను."

మా అబ్బాయి కదలకుండా కూర్చున్నాడు. నాన్నగారు కలం తీసుకుని మొదటి నియమం వ్రాశారు: 'తలనొప్పి అని చెప్పినవాడు మెచ్చదగినవాడు.' రెండవది: 'తలనొప్పి ఉండగా పైకి పోరాదు. తగ్గేదాకా ఉన్నచోటే ఉండవలెను.' మూడవది: 'కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, అడుగులు తడబడినా, మాట తేడాగా ఉన్నా, రాత్రి పగలు చూడక ఆ క్షణమే దిగవలెను.' నాలుగవది: 'పక్కవాడి గురించి తెలిసినది దాచరాదు.'

నాలుగవ నియమం వ్రాస్తుండగా నా గొంతు పట్టుకుపోయింది. మా అబ్బాయిని మంచినీళ్ళు తెమ్మని లోపలికి పంపాను.

"నాన్నగారూ, ఆ రోజు డాక్టరుగారు చెప్పినది నేను మీకు సరిగ్గా చెప్పలేదు," అన్నాను.

ఆయన కలం మూత పెట్టారు. "తెలుసమ్మాయీ. సైన్యంలో పదిహేనేళ్ళు ఇంగ్లీషులో తిట్లు తిన్నవాణ్ణి, ఆ మాత్రం ఇంగ్లీషు అర్థం కాదా? ఆయన చెప్పింది రెండు ముక్కలు. నువ్వు చెప్పింది ఆటో ఎక్కేదాకా అవుతూనే ఉంది. ఎక్కువైన మాటలన్నీ నీవేనని అప్పుడే అనుకున్నాను."

"మరి ఆర్నెల్లు రోజూ నడుస్తూ..."

"నడక మంచిదే కదా," అన్నారు. కొంచెంసేపు ఆగి, "నువ్వు మోస్తున్న మూట నువ్వే దించుకోవాలి. నేను లాక్కుంటే నీకు నొప్పి," అన్నారు. తరువాత, "ఆయన సరిగ్గా ఏమన్నాడో ఇప్పుడు చెప్పు. తెలుగులో చెప్పు," అని అడిగారు.

చెప్పాను. 'ఈ గుండెతో ఆ ఎత్తుకు వెళ్ళకూడదు. ఎప్పటికీ.' నా జీవితంలో చేసిన అనువాదాలలో అంత చిన్నది లేదు, అంత కష్టమైనదీ లేదు.

ఆయన విని, కిటికీలోంచి కాసేపు సముద్రం వైపు చూశారు. "బాగుంది," అన్నారు. అది డాక్టరుగారి తీర్పు గురించో, నా అనువాదం గురించో నేను అడగలేదు.

ఆ నెలాఖరున గుడారానికి పరీక్ష పెట్టాలని నాన్నగారే అన్నారు. డాబా మీద వేశాము. సిమెంటులో మేకులు దిగవు గనక లదాఖ్‌లో లాగే రాళ్ళు, కాకపోతే మా వీధి చివర ఇల్లు కడుతున్నవాళ్ళను అడిగి తెచ్చిన ఇటుకలు. గాలి సముద్రం మీది నుంచి వస్తున్నది, ద్వారం దానికి వీపుపెట్టి తిప్పించారు. రాత్రి భోజనాలయ్యాక తన దుప్పటి తీసుకుని మెట్లెక్కి వచ్చి, మా ఇద్దరి మధ్య పడుకున్నారు. అమ్మ రెండుసార్లు టార్చిలైటు వేసి చూసి వెళ్ళింది. రెండు గంటల వేళ వాన వచ్చింది. మేము కంగారుగా లేచి కూర్చుంటే ఆయన పడుకునే, చేత్తో నేల తడిమి చూసి, "లోపల తడవలేదు. పడుకోండి," అన్నారు. ఈసారి తన ఇష్టం మీద పడుకున్న రాత్రి ఆయనకు అదే అయింది.

* * *

సెప్టెంబరు 4న బయలుదేరాము. శ్రీనగర్‌లో రెండు రాత్రులు, కార్గిల్‌లో రెండు, ఆల్చీలో రెండు, లేహ్‌లో రెండు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేశాము. లేహ్‌లో మా టాక్సీ నడపడానికి వచ్చిన లదాఖీ డ్రైవరుకు ఆ పటం చూపించాను. అతను "జూలే" అని నమస్కరించి, చాలాసేపు చూసి, ఈ దారి గీసినవాడు ఇక్కడ బండి నడిపినవాడే అన్నాడు.

12వ తేదీన సింధునది పక్కన, వేడినీటి ఊటలుండే చుమాథాంగ్ దగ్గర, ఊరివాళ్ళు చూపిన చోట తొలిసారి గుడారం వేశాము. అది సుమారు నాలుగు వేల మీటర్ల ఎత్తు. కొండలు ఊదా రంగు, ఇటుక రంగు, బూడిద రంగు. నది పక్కన ఒక గీతలా పచ్చదనం. అంతే. నేను వెతికిన మాట అక్కడా దొరకలేదు. పుస్తకంలో చివరికి 'ఎత్తు మీది ఎడారి' అనే వేశాను.

13వ తేదీ రాత్రి, రేపు తెల్లవారి హాన్లే వెళ్ళాలనగా, మా అబ్బాయి చీకట్లో అన్నాడు: "అమ్మా, నాకు తలనొప్పిగా ఉంది. సాయంత్రం నుంచీ."

వాడి గొంతులో అపరాధిలాంటి ధ్వని ఉన్నది. అమావాస్య రాత్రికి హాన్లే చేరాలన్నది మేము ఎనిమిది నెలలు లెక్కకట్టి పెట్టుకున్న ముహూర్తం. అది వాడికీ తెలుసు. నేను లైటు వేసి వాణ్ణి కూర్చోబెట్టి చూశాను. దగ్గు లేదు, ఆయాసం లేదు. గుడారం బయట సరళరేఖ మీద పది అడుగులు నడిపించాను, తడబడలేదు. నీళ్ళు తాగించాను. రెండవ నియమం ప్రకారం మరునాడు అక్కడే ఉండిపోయాము. నాన్నగారు ప్రయాణంలో ఒక ఖాళీ రోజు వేసి ఉంచారు. దాని పక్కన ఏ ఊరి పేరూ లేదు, 'ఇది మీది కాదు, కొండది' అని వ్రాసి ఉన్నది. పోలాల అమావాస్య నాడు మా వాడు చేతికి అమ్మ కట్టిన తోరంతో సింధునది ఒడ్డున రోజంతా పడుకుని పుస్తకం చదువుకున్నాడు. సాయంత్రానికి నొప్పి పోయింది.

15వ తేదీన హాన్లే చేరాము. ఆ రాత్రి ఆకాశం గురించి వ్రాయడం నా చేత కాదు. దక్షిణపు కొండల మీది నుంచి నడినెత్తి దాకా పాలపుంత లేచి ఉన్నది. వేధశాల గుమ్మటం చీకట్లో చీకటిగా కనిపించింది. చలికి మా ఇద్దరి పళ్ళూ కొట్టుకుంటున్నాయి. గ్యాసు డబ్బా, నీళ్ళసీసా, అన్నీ పక్కలోనే పెట్టుకుని పడుకున్నాము.

తిరిగి లేహ్ చేరాక నాన్నగారికి ఫోను చేశాను. ఆకాశం గురించి చెబుదామని నోరు తెరిచాను. ఆయన ముందు అడిగినది అది కాదు.

"ఒక రోజు ఆలస్యమైందట. ఎవరికి బాగోలేదు?"

"వాడికే నాన్నగారూ. తలనొప్పి. ఒక్క రోజులో తగ్గిపోయింది."

"నువ్వు కనిపెట్టావా, వాడు చెప్పాడా?"

"వాడే చెప్పాడు."

అవతలి వైపు కాసేపు మాట లేదు. అంత దూరాన్నుంచి కూడా, పడక కుర్చీలో ఆయన వెనక్కు వాలిన చప్పుడు వినిపించింది.

"అయితే సరే," అన్నారు. "ఇక చెప్పు, నక్షత్రాలు ఎట్లా ఉన్నాయి?"